గేర్‌బాక్సు మీద నెపం

ఫిబ్రవరి 3

నేను కట్టిన గేర్‌బాక్సు నాకే తిరిగొచ్చింది. రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. వేరేవాళ్ళు పాడుచేసినవి నా షెడ్డుకి రావడం మామూలే, వాటి మీదే బతుకుతున్నాను. నాది వెనక్కి రావడం మాత్రం ఇదే మొదలు. అదీ ఎవరిదో కాదు, మా బావది.

పొద్దున షట్టరు ఎత్తుతుంటే వచ్చి ఆగాడు. వెనక సీట్లో టీచరమ్మ ఉంది. డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళని ఇంటి దగ్గర ఎక్కించుకోవడం, ఆస్పత్రిలో దింపడం, అయ్యాక మళ్ళీ ఇల్లు చేర్చడం, ఇదీ బావ పని. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక ఈ ఆటోమేటిక్ కారు కొనుక్కున్నాడు. ఆ బండి తిరిగితేనే అక్కావాళ్ళ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

"ఏమైంది బావా?"

"ఏం లేదురా. కొంచెం జారుతోంది."

"కొంచెమా?" టీచరమ్మ అద్దం దించింది. "బండి అరుస్తుంది గానీ కదలదు బాబూ, మా స్కూల్లో వెనక బెంచీ వాళ్ళలాగా. నీ గేర్‌బాక్సుకి ముప్ఫై అయిదు మార్కులు వేస్తాను. పాసే గానీ, ఇంట్లో పెద్దవాళ్ళని పిలిపించాల్సిన పాసు."

నవ్వాను గానీ లోపల భగ్గుమంది. బోనెట్ ఎత్తి డిప్‌స్టిక్ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నేను పోసినప్పుడు ఎర్రగా నిగనిగలాడిన ఆయిలు మరిగి మాడిన టీలా ఉంది. కమురు వాసన.

టీచరమ్మ ఊరుకుంటుందా? లోపల ఏమవుతుందో చెప్పమంది. "పలకల్లాంటి ప్లేట్లు ఉంటాయమ్మా. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటేనే ఇంజను బలం చక్రానికి అందుతుంది. ఆయిలు మాడితే ఆ పట్టు పోతుంది. ఇంజను తిరుగుతుంది, చక్రం తిరగదు."

"మరి ఆయిలెందుకు మాడింది?"

"అదే చూడాలి."

"చూడు. కారణం రాయకుండా ఉత్త జవాబు రాస్తే నేను మార్కులివ్వను."

ఫిబ్రవరి 4

నేనే రోడ్డెక్కించి తిప్పాను. నాకు జారలేదు.

ఫిబ్రవరి 5

స్పేర్ల షాపాయనతో పెట్టుకున్నాను. ఆయన్ని అందరం గ్యారంటీ అంటాం. ఏది అడిగినా "గ్యారంటీ అండీ" అంటాడు గనక. రేపు తన చావు గురించి అడిగినా గ్యారంటీ ఇస్తాడు.

"నకిలీ ప్లేట్లు అంటగట్టావు."

"ఒరిజినల్ అండీ, గ్యారంటీ. కట్టిన చెయ్యి చూసుకోండి."

ఆ మాటకి కొట్టేవాణ్ణే. బజారులో ఉన్నామని ఊరుకున్నాను. తప్పు ప్లేట్లదే. నా చేతిది కాదు. ఇంతమంది బళ్ళు కట్టాను, ఒక్కటి తిరిగి రాలేదు. ప్లేట్లదే.

ఫిబ్రవరి 7

గేర్‌బాక్సు దింపి విప్పాను. ప్లేట్లు మాడిన రొట్టెల్లా ఉన్నాయి. మిగతాదంతా ఉండాల్సినట్టే ఉంది. సీళ్ళు బాగున్నాయి. పంపు బాగుంది. వాల్వులు కడిగి గాలి కొట్టి చూస్తే ఒక్కటీ పట్టెయ్యలేదు. ఆయిల్ని చల్లబరిచే గొట్టాల్లో అడ్డం లేదు. తప్పు నాదైతే ఎక్కడో ఒకచోట కనబడాలి కదా. కనబడలేదు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

చక్రాలు ఊడదీసినప్పుడు చూస్తే బ్రేకు ప్యాడ్లు అరిగి రేకు తేలాయి. ఇవీ మొన్నే వేసినవే. సిగ్నళ్ళ మధ్య తిరిగే బండి, అరగకేం చేస్తాయి? మార్చేశాను.

మధ్యాహ్నం అక్క క్యారేజీ పట్టుకుని వచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఇప్పటికీ నా ముందు అన్నం పెట్టి, తినేదాకా ఎదురుగా కూచుంటుంది.

"ఏరా, మీ బావ బండి బతుకుతుందా?"

"నా చేతిలో పడ్డాక చచ్చినదేదైనా ఉందా?"

"కోతలు తర్వాత, ముందు ముద్ద మింగు. ఆయనకి ఇంట్లో కూచుంటే పిచ్చెక్కుతోంది. నా వంట మీద పడుతున్నాడు. ఉప్పెక్కువంటాడు, గరిటె అలా కాదంటాడు. తొందరగా పంపెయ్యరా బాబూ, నీకు పుణ్యముంటుంది."

ఫిబ్రవరి 10

కొత్త ప్లేట్లు, కొత్త ఆయిలు వేసి ఇచ్చేశాను. బావ స్టీరింగుని మెత్తగా తట్టాడు. "నువ్వుండగా నాకేం భయం రా" అన్నాడు. ఇవాళ కడుపు నిండా తిన్నాను.

ఫిబ్రవరి 19

మళ్ళీ.

ఫిబ్రవరి 20

అదే కమురు. అదే రంగు. ఇంకా ప్లేట్లు పూర్తిగా పోలేదు, వేడెక్కితేనే జారుతోంది. నిన్న బండి ఉంచుకుని, మళ్ళీ ఆయిలు మార్చి, స్కానరు తగిలించి నేనే ఊరంతా తిప్పాను. ఎత్తులు ఎక్కించాను, సిమెంటు బస్తాలు వేసి లాగించాను. ఆయిలు వేడి ఎక్కడుండాలో అక్కడే ఉంది. నేను నడిపితే వేడెక్కదు. బావ నడిపితే మాడిపోతుంది.

అడిగేశాను. "బావా, వెనకాల ఇంకేదైనా కట్టి లాగుతున్నావా? రేసులాడుతున్నావా?"

ముఖం చిన్నబోయింది. "బస్సు నడిపినన్నాళ్ళూ చీమని తొక్కలేదురా నేను. ముసలాళ్ళని కూచోబెట్టుకుని రేసులాడతానా?"

అనకుండా ఉండాల్సింది. అయినా తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం నేను. పట్టుకుంటే వదలను. రేపు వెనకాలే వెళ్ళి చూస్తాను.

ఫిబ్రవరి 21

బైకు మీద వెంబడించాను. బావకి తెలియదు. టీచరమ్మని ఎక్కించుకుని పెద్ద రోడ్డు పట్టాడు.

వెనక ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి. సిగ్నల్ దగ్గర ఆగాడు కాబట్టి వెలుగుతున్నాయి అనుకున్నాను. పచ్చ పడింది, బండి కదిలింది, లైట్లు ఆరలేదు. ఖాళీ రోడ్డు మీద ఆరలేదు. వంతెన ఎక్కుతుంటే ఇంజను గొంతు చించుకుంటోంది, అప్పుడూ ఆరలేదు. ఆస్పత్రి గేటు దాకా ఆ లైట్లు ఆరడం నేను చూడలేదు.

బ్రేకు దగ్గర స్విచ్చి పాడై ఉంటుంది. చిన్న స్విచ్చి. అలా ఇరుక్కుపోవడం మామూలే. రేపు మారుస్తాను.

ఫిబ్రవరి 22

స్విచ్చి బాగుంది.

ఫిబ్రవరి 23

బావని షెడ్డుకి రమ్మన్నాను. పెడల్ చూద్దామని డ్రైవరు వైపు మ్యాటు ఎత్తితే చేతికి జిగటగా తగిలింది. రక్తం. కింద ఎండిపోయినది, పైన పచ్చిది.

"కాలికేమైంది బావా?"

"ఏమీ కాలేదే."

చెప్పు తియ్యమన్నాను. నా షెడ్డు నేల మీద పడుండే ఇనప రజనులో ఒక పెచ్చు, చెప్పు అడుగుని చీల్చుకుని మడమలో దిగబడి ఉంది. మొన్న బండి తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు దిగి ఉంటుంది. ఇన్నాళ్ళూ దాని మీదే నడిచాడు. పట్టకారుతో పట్టుకుని లాగాను. బావ నా ముఖంలోకి చూస్తున్నాడు.

"వచ్చిందా?" అని అడిగాడు.

పెచ్చు ఎత్తి చూపించాను. ఎదురుగా బల్ల మీద కూచున్నాను.

"ఎప్పట్నుంచి?"

"షుగరు కదరా. మొదట్లో తిమ్మిరి అనుకున్నాను. తర్వాత ఆ తిమ్మిరి కూడా పోయింది."

"డాక్టరేమన్నాడు?"

"బండి నడపొద్దన్నాడు. వాళ్ళు ఉప్పు కూడా తినొద్దంటార్లే." నవ్వడానికి చూశాడు. "కుడికాలు దేని మీదుందో తెలియడం లేదు. ఎడంకాలికి ఇంకా కాస్త తెలుస్తోంది. ఆటోమేటిక్కులో ఎడంకాలికి ఎలాగూ పని లేదు కదా? బ్రేకు దానికి అప్పగించాను. కుడికాల్ని యాక్సిలరేటర్ మీంచి కదపను. రెండూ రెండు చోట్ల కట్టేసినట్టుంటాయి. ఎంత తెలివో చూడు."

"ఎడంకాలు బ్రేకుని ఎప్పుడూ తొక్కే ఉంచుతోంది బావా. ఒక కాలు ముందుకు పొమ్మంటోంది, ఒక కాలు ఆగమంటోంది. మధ్యలో గేర్‌బాక్సు నలిగి మాడిపోతోంది."

"తొక్కి ఉంటే మంచిదే కదా. బండి ఆగుతుంది."

అప్పుడు నాకు కోపం ఆగలేదు. అరిచాను. ఎవరినైనా చంపుతావు అన్నాను. బావ తలొంచుకుని విన్నాడు. చెప్పు వేసుకోబోతే వేళ్ళు లోపలికి వెళ్ళాయో లేదో వంగి చూసుకోవాల్సి వచ్చింది.

"మీ అక్కకి చెప్పకురా. పెళ్ళైన దగ్గర్నుంచీ అది నన్ను స్టీరింగు పట్టుకున్నవాడిగానే చూసింది. మూలన కూచోబెట్టి ముద్ద పెట్టాల్సినవాడిగా చూడనివ్వకు. నీకు దణ్ణం పెడతాను."

పెద్దవాడు, నిజంగానే చేతులు జోడించాడు. సరేనన్నాను. బండి మాత్రం ఇవ్వనన్నాను. ఇవ్వలేదు. మాట నిలబెట్టుకున్నాను, బండినీ ఆపాను. రెండూ సరిగ్గానే చేశాను.

ఫిబ్రవరి 24

అక్క ఫోను. ఏమైందిరా అంది. నోటికి గేర్‌బాక్సే వచ్చింది.

"లోపల ప్లేట్లు పట్టుకునే డ్రమ్ము పగిలింది అక్కా. ఆ పార్టు ఇక్కడ దొరకదు. ఓడలో రావాలి."

"ఓడలోనా? బస్సులో రాదా?"

"రాదు."

"ఎన్నాళ్ళు?"

"చెప్పలేను."

పెట్టేశాక వెళ్ళి గేర్‌బాక్సుని మళ్ళీ దింపాను. బాగున్నదాన్ని ముక్క ముక్కగా విప్పి బల్ల మీద పరిచాను. ఎవరైనా వచ్చి చూసినా అబద్ధమనరు. డ్రమ్ము మాత్రం గుండులా ఉంది. దానికి గుడ్డ కప్పాను.

ఫిబ్రవరి 26

బావ వచ్చి బండి అడిగాడు. వెనకే అక్క కూడా వచ్చింది. ఆవిడ ముందు బావ ఏమీ అనలేడు, నేనూ అనలేను. దొంగకి తేలు కుట్టినట్టు ఇద్దరం నిలబడ్డాం. అక్క బల్ల మీది ముక్కల్ని చూసి, "అయ్యో, ఇన్ని ఉంటాయా లోపల!" అంది.

ఫిబ్రవరి 27

మా ఆవిడకి చెప్పేశాను. ఆవిడ దగ్గర ఏదీ దాగదు, ముఖం చూసి లాగేస్తుంది.

"వదినకి చెప్పండి. రేపు కాదు, ఇవాళే."

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. బావ పరువు తియ్యమంటావా?"

"పరువు ఎక్కడికీ పోదు. మీరు బండిని ఆపారు, మనిషిని ఆపలేదు. ఆయనకి వేరే బండి దొరికితే?"

"ఎవరిస్తారు?"

"అడిగితే ఎవరైనా ఇస్తారు. ఆయన చీమని తొక్కలేదని ఊరంతటికీ తెలుసుగా."

ఆడవాళ్ళకి అన్నీ అనుమానాలే. బావ అంత తెలివితక్కువవాడు కాదు. నాకు మాటిచ్చాడు. ఇచ్చాడా? బండి నేను ఇవ్వనన్నాను, ఆయన సరేనన్నాడు. అంతే కదా మాటంటే.

మార్చి 2

అక్క కడిగేసింది. షెడ్డులో, పక్కవాళ్ళు వింటుండగా.

"నా తమ్ముడంత పనిమంతుడు లేడని ఊరంతా చెప్పుకున్నానురా. ముక్కలు పరుచుకుని కూచున్నావు. ఆస్పత్రివాళ్ళు ఇంకెవణ్ణో పెట్టుకుంటున్నారు. చేతకాకపోతే చేతకాదని చెప్పు, నా దారి నేను చూసుకుంటాను."

"పార్టు రావాలక్కా."

"ఆ ఓడ మునిగిందేమో కనుక్కో."

తలొంచుకున్నాను. సాయంత్రం గ్యారంటీ కూడా వచ్చి, "చేతులు వణుకుతున్నాయటగా అండీ?" అన్నాడు. కడుపు మండింది. అయినా నోరు విప్పలేదు. నా పేరు పోతే పోయింది, బావ పేరు నిలబడింది. అక్క కోసం ఆ మాత్రం పడలేనా? ఇవాళ నా మీద నాకు కాస్త గౌరవం కలిగింది. ఆ మాట ఎవరితోనూ అనలేను గనక ఇక్కడ రాసుకుంటున్నాను.

మార్చి 4

బావని టీ కొట్టు దగ్గర కలిశాను. చిక్కిపోయాడు. అక్కకి నువ్వే చెప్పెయ్యి బావా అన్నాను. నేను చెప్పడం కంటే నువ్వు చెప్పుకుంటేనే గౌరవం అన్నాను.

గ్లాసు కింద పెట్టాడు. "ఆదివారం చెప్తాను" అన్నాడు.

గుండెల మీంచి రాయి దింపినట్టయింది. ఆ మాట ముందే అడిగి ఉంటే సరిపోయేది.

మార్చి 8, ఆదివారం

ఫోను రాలేదు. చెప్పే ఉంటాడు. చెప్పాక ఇద్దరూ ఏడ్చుకుని ఉంటారు, ఈ పూట నాతో మాట్లాడాలని ఉండదు. నేనే చెయ్యనా అనుకున్నాను. వాళ్ళ మధ్యలోకి దూరడం బాగోదు.

మార్చి 9

టీచరమ్మ ఫోను చేసింది. హుషారుగా ఉంది.

"బాబూ, నీకు మార్కులు పెంచుతున్నాను. రేపటి నుంచి మీ బావే వస్తాడట కదా? మీ అక్క ఫోను చేసి చెప్పింది. ఈ కొత్త డ్రైవరు పొద్దస్తమానం ఫోన్లోనే ఉంటాడు. మీ బావైతే నన్ను గుడ్డు పట్టుకున్నట్టు తీసుకెళ్తాడు."

"బండి ఇంకా అవలేదమ్మా."

"అవకుండా ఎలా వస్తానంటారు? నువ్వు మరిచిపోయుంటావు."

బండి నా బల్ల మీద ముక్కలై ఉంది. పెద్దావిడ, ఏదో విని ఏదో అనుకుంది. బావకి ఫోను చేశాను, ఎత్తలేదు. అక్కకి చేద్దామనుకున్నాను. చేస్తే ఏమని అడగాలి? ఆదివారం బావ చెప్పలేదంటే నేను చెప్పాల్సి వస్తుంది. ఇంతలో ఒకాయన క్లచ్చి పని తెచ్చాడు. రేపు పొద్దున చేస్తాను.

మార్చి 10

టీచరమ్మ పోయింది.

మార్చి 12

రాయకపోతే తల పగిలేలా ఉంది.

అక్క ఆ రోజు చూసుకుంటానన్న దారి ఇదీ. వాళ్ళ ఇంటి మేడ మీదాయన్ని కారు అడిగింది. ఆయన మంచివాడు, బండి ఊరికే పడి ఉందమ్మా, తీసుకోండి అన్నాడు. అక్క తాళం తెచ్చి, మొగుడు మురిసిపోతాడని చేతిలో పెట్టింది. బావ ఏమంటాడు? వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. ఆదివారం చెప్పలేకపోయినవాడు సోమవారం ఎలా చెప్తాడు? తీసుకున్నాడు. అక్కే నాతో అంది, "తాళం చూసి ఆయన ముఖం ఎలాగో అయిపోయిందిరా. సంతోషం పట్టలేకపోయాడు అనుకున్నాను" అని.

టీచరమ్మని ఎక్కించుకుని ఆస్పత్రి దాకా బాగానే వెళ్ళాడు. గేటు దాటాక ఆగాల్సిన చోట ఆగలేదు. బండి ఒక్క ఊపున వెళ్ళి గోడకి కొట్టుకుంది. టీచరమ్మ కూచున్న వైపు. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు ఇంజను అరిచిందని చెప్తున్నారు.

బావకి కుడికాలి చీలమండ విరిగింది. నొప్పి లేదంటున్నాడు. మంచం పక్కన కూచుంటే నా చెయ్యి పట్టుకుని అన్నాడు: "బ్రేకే తొక్కానురా. ప్రాణమంతా పెట్టి తొక్కాను. ఆ బండికి బ్రేకులు లేవు. నువ్వు చూడు, నీకే తెలుస్తుంది."

అబద్ధమాడటం లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. బ్రేకు తొక్కానని తల చెప్తోంది, కాదని చెప్పాల్సిన కాలికి నోరు లేదు.

అక్క వరండాలో నిలబడి ఉంది. "ఆ మేడ మీదాయన బండికి బ్రేకులు లేవటరా. ఆ ముసలావిణ్ణి చంపిన పాపం ఈయన నెత్తిన పడనివ్వకు. రేపు పోలీసులు నీ మాటే అడుగుతారు. వెళ్ళి చూసి, ఉన్నది చెప్పు."

ఉన్నది చెప్పమంది. బ్రేకులు లేవని చెప్పమనలేదు. ఆవిడ లెక్కలో బ్రేకులు లేవన్నదే ఉన్నది.

మార్చి 13

పోలీసు స్టేషను వెనక ఖాళీ స్థలంలో పెట్టారు బండిని. ఇన్‌స్పెక్టరు, అక్క, మేడ మీదాయన, నేను. మేడ మీదాయన కాలు నిలవక తిరుగుతున్నాడు. "మొన్ననే సర్వీసు చేయించాను బాబూ. నేను ఏం తప్పు చేశాను?" అని ప్రతివాడినీ అడుగుతున్నాడు.

తలుపు తెరిచి వంగాను. కింద పెడల్స్ మూడున్నాయి.

క్లచ్చి, బ్రేకు, యాక్సిలరేటర్. ఆటోమేటిక్ కాదు. క్లచ్చి తొక్కడానికి ఎడంకాలు కావాలి. ఇక బ్రేకుకి మిగిలేది కుడికాలే. బావ బ్రేకు అప్పగించిన కాలుని ఈ బండి లాగేసుకుంది, తెలియని కాలికి రెండు పనులూ ఒప్పజెప్పింది. ఆయన బండి నేను విప్పకుండా ఉంటే కనీసం ఎడంకాలు బ్రేకు మీద ఉండేది. దేవుడా, ఏం చేశాను నేను?

అయినా చూశాను. చూడకుండా ఉండలేను, చేతులకి అలవాటు. బ్రేకు ఆయిలు నిండా ఉంది. గొట్టాలు తెగలేదు. ప్యాడ్లు కొత్తవి. పెడల్ తొక్కితే రాయిలా నిలబడింది. ఎంతసేపు వెతికానో తెలియదు. పోయి ఉంటే బాగుండునని వెతికాను. ఒక్క చుక్క కారి ఉన్నా చాలనుకున్నాను.

లేచేసరికి మేడ మీదాయన చేతులు జోడించి ఉన్నాడు. అక్క నా నోటి వంకే చూస్తోంది.

"చెప్పరా."

ఒక్కమాట చాలు. నా మాట నమ్ముతారు. బావ బయటపడతాడు, అక్క నన్ను మళ్ళీ పనిమంతుడంటుంది, ఈ మంచాయన జైలుకి పోతాడు. నాలుక చివరి దాకా వచ్చింది. ఎందుకు ఆగానో తెలియదు. మంచితనం అనుకోవడం లేదు. ఆ పెడల్ గట్టిగా ఉంది, లేదని అనలేకపోయాను.

అక్కని గోడ పక్కకి తీసుకెళ్ళాను.

"బ్రేకులు బాగున్నాయక్కా. బావ కాళ్ళు బాగాలేవు."

మొత్తం చెప్పాను. ఎర్ర లైట్లు, మడమలో పెచ్చు, డాక్టరు మాట, డ్రమ్ము పగల్లేదని, ఓడ లేదని. మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. అక్క పమిట నోటికి అడ్డం పెట్టుకుని వింది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"బండి బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"నేను రోజూ వచ్చి నిన్ను తిడుతుంటే, అప్పుడూ తెలుసా?"

తలూపాను.

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. తన అరచెయ్యి చూసుకుంది.

"తాళం నా చేత్తో ఇప్పించావు కదరా."

కళ్ళు తుడుచుకుని ఇన్‌స్పెక్టరు దగ్గరికి నడిచింది. నేనూ వెనకే వెళ్ళాను. ముందు మేడ మీదాయన వైపు తిరిగి, "మీ బండి బాగుందన్నయ్యగారూ, మీ తప్పేమీ లేదు" అంది. ఆయన అక్కడే కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

తర్వాత ఇన్‌స్పెక్టరుతో అంది: "మా ఆయనకి కాళ్ళు తెలియవండీ. డాక్టరు నడపొద్దన్నాడు. అయినా నడిపాడు. తాళం ఇచ్చింది నేను."

"ఈ సంగతి ఇంకెవరికైనా ముందే తెలుసా అమ్మా?" అని అడిగాడాయన.

"లేదండీ" అంది అక్క. నా వైపు చూడలేదు.

ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగాడు. "మెకానిక్కుగా నువ్వు ఇంకేమైనా చెప్పాలా?"

నేను పక్కనే నిలబడి ఉన్నాను. బ్రేకులు బాగున్నాయని చెప్పాను. అంతకు మించి చెప్పలేదు.